నీడ లేని మధ్యాహ్నం

ఏటా మే 4వ తేదీ ప్రాంతంలో, మధ్యాహ్నం 12 గంటల 18 నిమిషాలకు, కర్నూలు జిల్లా కోసిగిలో నిటారుగా నిలబడ్డ దేనికీ నీడ పడదు. కరెంటు స్తంభం నీడ స్తంభం మొదట్లోకే ముడుచుకుపోతుంది. బజార్లో నడిచే మనిషి నీడ చెప్పుల కిందికి చేరుతుంది. కాసేపు ఆగితే మళ్లీ తూర్పు వైపు సన్నగా బయటపడుతుంది.

మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తి మీద ఉంటాడని అందరూ అనుకునేదే. కచ్చితంగా నెత్తి మీదికి వచ్చేది మాత్రం కోసిగిలో ఏడాదికి రెండు రోజులే. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు 9 ప్రాంతంలో ఇంకోసారి. ఢిల్లీకి అలాంటి రోజు ఒక్కటీ లేదు. భూమి ఇరుసు 23.4 డిగ్రీలు ఒరిగి ఉంది కనుక సూర్యుడు ఆరు నెలలు ఉత్తరానికి, ఆరు నెలలు దక్షిణానికి జరుగుతున్నట్టు కనిపిస్తాడు. ఉత్తరాన 23.4 డిగ్రీల అక్షాంశం దాకా పోయి వెనక్కి మళ్లుతాడు. కోసిగి ఉన్నది దాదాపు 15.85 డిగ్రీల దగ్గర. పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి ఊరి మీదుగా దాటాల్సిందే. ఢిల్లీ ఆ మలుపుకు అవతల, 28.6 డిగ్రీల దగ్గర ఉంది.

12 గంటలకు కాకుండా 12.18కి ఎందుకంటే, మన చేతి గడియారం చూపేది కోసిగి కాలం కాదు. దేశమంతటికీ కలిపి 82.5 డిగ్రీల రేఖాంశాన్ని ప్రమాణంగా పెట్టుకున్నాం. అది కాకినాడ పక్క నుంచి పోతుంది. కోసిగి దానికి ఐదు డిగ్రీల పైచిలుకు పడమర. భూమి ఒక్కో డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కాబట్టి మనం 21 నిమిషాలు వెనకబడ్డాం. భూమి సూర్యుడి చుట్టూ ఏడాది పొడవునా ఒకే వేగంతో పోదు, పైగా ఒరిగి తిరుగుతుంది. ఆ రెంటివల్ల మే మొదట్లో అందులో మూడు నిమిషాలు తగ్గుతాయి. ఈ లెక్కనే, సుగ్గికని, అంటే వలస కూలికని, మిరపకాయలు కోయడానికి గుంటూరు సీమకు పోయినవాళ్లకు, కోసిగిలో ఇల్లు కనిపెట్టుకుని ఉన్న అవ్వాతాతల కన్నా దాదాపు 13 నిమిషాలు ముందు తెల్లవారుతుంది.

కోసిగి పేరు పత్రికల్లో కనబడితే వలస గురించో కరువు గురించో అయి ఉంటుంది. వానలు సరిగా పడని చోట మబ్బు తక్కువ, గాలిలో తేమ తక్కువ, చుట్టూ పెద్ద నగరాల వెలుతురు లేదు. పంటకు శాపమైనదే ఆకాశం చూడడానికి వరమైంది. అందుకు సంతోషించమని రైతుకు చెప్పలేం గాని, ఉన్నదాన్ని వాడుకోకపోవడం కూడా నష్టమే.

దుర్భిణి అక్కర్లేదు. ఇంట్లో రోకలి ఉంటే చాలు. గ్రహణం పట్టినప్పుడు పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టడం, అది నిలబడితే ఆహా అనుకోవడం మన పల్లెల్లో ఉన్నదే. అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ మంగళవారమైనా నిలబడుతుంది. దాన్ని గ్రహణం కోసం దాచకుండా మే మొదటి వారంలో మిద్దె మీదికి తీసుకుపోండి. మేస్త్రి దగ్గరుండే దారం కట్టిన గుండును పక్కన వేలాడదీసి, రోకలి నిటారుగా ఉందో లేదో సరిచూడండి. పదకొండున్నర నుంచి పది నిమిషాలకోసారి నీడ కొసన సుద్దముక్కతో గుర్తు పెడుతూ పోండి. ఆ నీడ కుంచించుకుపోయి మాయమవడం కళ్లతో చూడాల్సిన సంగతి. ఆ రెండు రోజులు తప్పిపోయినా నష్టం లేదు. మిగతా ఏ రోజైనా నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్న క్షణాన అది పరిచిన గీత సరిగ్గా ఉత్తర దక్షిణాలు చూపుతుంది. ఇనుప కడ్డీలు వేసిన మిద్దె మీద దిక్సూచి తప్పు చెప్పొచ్చు, నీడ చెప్పదు.

ఇంకో తమాషా కూడా ఉంది. మే 4 నుంచి ఆగస్టు 9 దాకా కోసిగిలో మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. మిగతా ఏడాదంతా ఉత్తరానికే. ఎండాకాలం నడుమ ఇంటి ఉత్తరపు గోడకు పన్నెండు గంటల వేళ ఎండ ఎందుకు తగులుతుందో ఇప్పుడు తెలిసింది కదా.

రోకలి నీడతో భూమిని కూడా కొలవచ్చు. దానికి కోసిగికి ఒక అదృష్టం ఉంది. కోసిగీ ఢిల్లీ దాదాపు ఒకే రేఖాంశం మీద, 77 డిగ్రీలకు కాస్త తూర్పుగా ఉన్నాయి. రెండు చోట్లా మధ్యాహ్నం ఒకే వేళకు అవుతుంది. కోసిగిలో రోకలి నీడ మాయమైన నిమిషంలో ఢిల్లీలో ఉన్న చుట్టానికి ఫోను చేసి, నిటారుగా నిలబెట్టిన మీటరు కర్ర నీడ కొలవమనండి. 22, 23 సెంటీమీటర్లు చెబుతాడు. పదో తరగతి త్రికోణమితితో లెక్కిస్తే అది 12.75 డిగ్రీల కోణం. నున్నగా గుండ్రంగా ఉన్న భూమి మీద మొత్తం 360 డిగ్రీలుంటే, అందులో కోసిగి నుంచి ఢిల్లీ దాకా ఉన్న వంపు 12.75 డిగ్రీలు, అంటే 28వ వంతు కన్నా రవ్వంత తక్కువ. పటం మీద రెండు ఊళ్ల మధ్య దూరం తిన్నగా 1,416 కిలోమీటర్లు. 28.2తో గుణిస్తే 40 వేల కిలోమీటర్లకు కాస్త తక్కువ వస్తుంది. భూమి చుట్టుకొలత అదే. క్రీస్తుపూర్వం 240 ప్రాంతంలో ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు ఈజిప్టులో చేసిన పని ఇదే. నడివేసవిలో సయీన్ పట్టణంలో నీడ ఉండదని అతనికి తెలుసు. అదే రోజు అలెగ్జాండ్రియాలో నీడ ఎంత ఉందో కొలిచాడు. అతనికి ఫోను లేదు, ఊళ్ల మధ్య దూరం అడుగులు లెక్కపెట్టేవాళ్లు చెప్పిందే. అయినా వంతు సరిగ్గా పట్టుకున్నాడు, మొత్తం వృత్తంలో యాభయ్యోవంతు అని.

రోకలి నీడ నుంచి భూమి నీడకు పోదాం. అది చూడడానికి కోసిగి లాంటి మైదానపు ఊరు మరీ అనువు. సూర్యుడు దిగిపోయిన ఐదు పది నిమిషాలకు వీపు పడమటికి తిప్పి తూర్పు కేసి చూడండి. నేలకు ఆనుకుని ముదురు నీలి బూడిద రంగు పట్టీ ఒకటి పైకి లేస్తుంటుంది, దాని మీద లేత గులాబీ అంచు. మబ్బనుకుని వదిలేస్తాం గాని, ఆ పట్టీ భూమి నీడే. గాలి పొర మీద పడి కనిపిస్తోంది. అది పైపైకి ఎక్కి ఆకాశమంతా కప్పేస్తే దానికి మనం రాత్రి అని పేరు పెట్టాం. ఆ నీడ అక్కడితో ఆగదు. మొన వైపు సన్నబడుతూ సుమారు 14 లక్షల కిలోమీటర్ల దాకా పోతుంది. చంద్రుడున్నది 3,84,000 కిలోమీటర్ల దూరంలోనే కనుక కొన్ని పున్నములకు అందులో చిక్కుతాడు. 2025 సెప్టెంబరు 7 రాత్రి అలాగే చిక్కి గంటకు పైగా ఎర్రగా ఉండిపోయాడు. భూమి చుట్టూ ఉన్న గాలి సూర్యకాంతిని లోపలికి వంచుతుంది, ఆ దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. ఆ గంటలో చంద్రుడి మీద నిలబడి మన వైపు చూడగలిగితే, భూమి మీది సూర్యోదయాలూ సూర్యాస్తమయాలూ అన్నీ కలిసి ఒక ఎర్రని ఉంగరంలా కనబడతాయి. చంద్రుడి మీద పడే ఆ నీడ అంచు ఎప్పుడు చూసినా వంపుగానే ఉంటుంది కాబట్టి భూమి గుండ్రమని గ్రీకులు వాదించారు. మన ఆర్యభటుడు 499లో గ్రహణాలకు రాహుకేతువులతో పని లేదని, నీడలతోనే లెక్క కుదురుతుందని చెప్పాడు. పదిహేను వందల ఏళ్లయింది. పంచాంగాలు లెక్కను తీసుకున్నాయి, రాహువును కూడా వదల్లేదు.

ఇక చంద్రుడి నీడ. అది భూమిని తాకడం ఏటా దాదాపు జరుగుతూనే ఉంటుంది గాని, దట్టమైన నడి నీడ వెడల్పు మామూలుగా రెండున్నర వందల కిలోమీటర్లు దాటదు. ఎక్కువసార్లు సముద్రాల మీదుగా పోతుంది. ఒకే చోటికి అది మళ్లీ రావాలంటే సగటున 375 ఏళ్లు. కోసిగికి 1980 ఫిబ్రవరి 16న వచ్చింది. శనివారం, శివరాత్రి వెళ్లిన అమావాస్య. కార్వార్ దగ్గర తీరం తాకి హుబ్లీ, రాయచూరు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ఖమ్మం మీదుగా పూరీ దాకా నీడ పరుగెత్తింది. మధ్యాహ్నం మూడున్నర దాటాక మన ప్రాంతంలో రెండు నిమిషాలకు పైగా పగలు ఆరిపోయింది. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ వాళ్లు తుంగభద్రకు అవతల, రాయచూరు జిల్లా జవళగెరలో పరికరాలు దింపారు. కోసిగికి సుమారు యాభై కిలోమీటర్లు. ఆ సంస్థకు అప్పటి డైరెక్టరు వైను బప్పు. మద్రాసులో పుట్టినా హైదరాబాదులో పెరిగి, నిజాం కాలేజీలో చదివిన మనిషి. తండ్రి నిజామియా వేధశాలలో పని చేసేవాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి జపాల్–రంగాపూర్‌లో ఉన్న 48 అంగుళాల దుర్భిణి కూడా ఆ నీడ దారిలోనే పడింది.

ఆ రోజు దేశమంతటా వీధులు బోసిపోయాయి. కళ్లు పోతాయని ప్రభుత్వమూ హెచ్చరించింది, గర్భిణులు కదలకూడదని పెద్దలూ హెచ్చరించారు. మొదటి దాంట్లో సగం నిజముంది. సూర్యుడు రవ్వంత మిగిలున్నా నేరుగా చూస్తే కంటి వెనకున్న పొర కాలుతుంది, ఆ పొరకు నొప్పి తెలియదు కనుక కాలుతున్నట్టు కూడా తెలియదు. పూర్తిగా మూసుకున్న ఆ రెండు నిమిషాలు మాత్రం ఉత్త కళ్లతో చూడొచ్చు. చూడాల్సింది ఆ రెండు నిమిషాలే. రెండో హెచ్చరికకు ఆధారమేమీ లేదు. గ్రహణం రోజు సూర్యుడి నుంచి కొత్త కిరణాలేవీ రావు, రోజూ వచ్చేవే తగ్గుతాయి. కడుపులో బిడ్డకు వచ్చే గ్రహణమొర్రికీ అమావాస్య చంద్రుడికీ సంబంధం లేదు. 375 ఏళ్లకోసారి గడప దాకా వచ్చే దృశ్యానికి తలుపులు మూసుకోవడం నాకు ఇప్పటికీ పెద్ద నష్టంగానే అనిపిస్తుంది.

బయటున్నవాళ్లకు పగటిపూట చుక్కలు కనిపించాయి. సూర్యుడికి తూర్పుగా శుక్రుడు వెలిగాడు. సూర్యుడి వెనక ఏ నక్షత్రాలున్నాయో కంటికి తెలిసేది అలాంటప్పుడే. ఇందులో రైతుకు సంబంధించిన సంగతి ఒకటుంది. కార్తెలన్నీ ఆ వెనకున్న నక్షత్రాల లెక్కే. సూర్యుడి దారిని 27 భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక్కో నక్షత్రం పేరు పెట్టారు. ఒక్కో దాంట్లో సూర్యుడు పదమూడు పద్నాలుగు రోజులుంటాడు. మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8కి మృగశిర, 22కి ఆరుద్ర. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో రోహిణి నక్షత్రం కోసం ఆకాశంలో వెతికితే దొరకదు, సూర్యుడి వెలుగు చాటున ఉంటుంది. ఆరు నెలలాగితే, నవంబరు నెలాఖరున, చీకటి పడగానే తూర్పున ఎర్రగా లేస్తుంది. దానికి కాస్త పైన పిల్లలకోడి. సూర్యుడు ఏ నక్షత్రం దగ్గరున్నాడో కళ్లతో చూడకుండానే ఎలా కనిపెట్టారంటే, తెల్లవారుజామున సూర్యుడికి ముందు ఏ నక్షత్రం లేస్తోంది, పున్నమి నాడు చంద్రుడు ఏ నక్షత్రం పక్కన ఉన్నాడు అని తరాల తరబడి చూసి.

అయితే ఈ కార్తెలకు ఒక చిక్కుంది, దాన్ని గురించి మన పత్రికలు పెద్దగా మాట్లాడవు. భూమి ఇరుసు ఒక్క దిక్కుకే చూస్తూ ఉండదు, 26 వేల ఏళ్లకు ఒక చుట్టు చొప్పున మెల్లగా దిక్కు మారుతుంది. అందువల్ల సూర్యుడు అదే నక్షత్రం దగ్గరికి తిరిగి రావడానికి పట్టే కాలం, ఋతువు తిరిగి రావడానికి పట్టే కాలం కన్నా 20 నిమిషాలు ఎక్కువ. డెబ్బై ఏళ్లకు ఒక రోజు తేడా వస్తుంది, వెయ్యేళ్లకు పద్నాలుగు రోజులు. అంటే ఒక కార్తె. వానలు ఋతువును పట్టి వస్తాయి, కార్తెలు నక్షత్రాన్ని పట్టి వస్తాయి. కృష్ణదేవరాయల కాలంలో మృగశిర కార్తె వానాకాలానికి ఇప్పటికన్నా వారం ముందు ప్రవేశించేది. ఏ కార్తెలో ఏం విత్తాలో చెప్పే సామెతల్లో ఎన్ని ఎప్పటివో, ఏ లెక్క మీద పుట్టాయో ఎవరైనా కూర్చుని తేల్చాల్సిన పని.

మళ్లీ నీడ దగ్గరికి వద్దాం. 1980 కన్నా పెద్ద గ్రహణం ఒకటి 112 ఏళ్ల ముందు తెలుగు నేల మీదుగా పోయింది. 1868 ఆగస్టు 18 పొద్దున గుంటూరులో సూర్యుడు ఐదు నిమిషాలకు పైగా మూసుకుపోయాడు. పియర్ జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అక్కడికి వచ్చి ఎదురుచూస్తున్నాడు. ఇంగ్లీషు వాళ్ల తరఫున టెనెంట్ బృందం కూడా గుంటూరులోనే, మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలో. ఏ గ్రహణానికీ లేని కొత్త పరికరం వాళ్ల చేతిలో ఉంది. కాంతిని గాజు పట్టకంతో రంగులుగా విడదీసే వర్ణపటదర్శిని. ప్రతి మూలకం వేడెక్కితే తనదైన రంగు గీతలు ఇస్తుంది. పొయ్యిలో ఉప్పు చిటికెడు వేస్తే మంట పసుపుగా మండడం ఇంట్లోనూ చూడొచ్చు, అది సోడియం సంతకం. సూర్యుడి అంచున ఎగసే ఎర్రటి జ్వాలల వెలుగును విడదీస్తే హైడ్రోజన్ గీతలు కనిపించాయి. జ్వాలలంటే వేడికి మెరిసే వాయువేనని తేలిపోయింది. ఆ గీతలు ఎంత మెరుపుగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని పట్టుకోవచ్చు కదా అని జాన్సెన్‌కు తట్టింది. మర్నాడు పొద్దున్నే అదే గుంటూరులో, నిండు సూర్యుడి అంచున, వాటిని చూశాడు.

ఆ గీతల్లో పసుపుది ఒకటుంది. చాలామంది సోడియమే అనుకున్నారు. రెండు నెలల తర్వాత ఇంగ్లండులో నార్మన్ లాకయర్ గ్రహణంతో పని లేకుండా తన దారిన అదే జ్వాలలను చూసి, ఆ పసుపు గీత సోడియం చోటులో లేదని, పక్కకు జరిగి ఉందని కొలిచాడు. భూమి మీద దొరకని మూలకమని వాదించి, సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అన్నాడు. ఎగతాళి చేసినవాళ్లున్నారు. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజంలోంచి ఆ వాయువును తీసి చూపాక నోళ్లు మూతపడ్డాయి. జాన్సెన్ గుంటూరు నుంచి రాసిన ఉత్తరం, లాకయర్ ఇంగ్లండు నుంచి పంపిన ఉత్తరం ప్యారిస్ అకాడమీకి ఒకే రోజున చేరాయి. ఇద్దరి ముఖాలూ కలిపి పతకం పోశారు. ఏటా మిరప చేలకు మన ప్రాంతం నుంచి వేలమంది పోయే గుంటూరు సీమకు సూర్యశాస్త్ర చరిత్రలో ఇంత చోటుంది.

సూర్యుడు మూసుకున్నప్పుడు చుట్టూ తెల్లగా పరుచుకుని కనిపించేది కరోనా, సూర్యుడి బయటి వాతావరణం. సూర్యుడి ఉపరితలం 5,500 డిగ్రీల సెల్సియస్ ఉంటే, దాని మీద ఉన్న ఈ పలచని కరోనా పది లక్షల డిగ్రీలు దాటుతుంది. పొయ్యికి దూరం జరిగేకొద్దీ వేడి పెరగడమేమిటన్నది ఇప్పటికీ పూర్తిగా తేలని చిక్కు. సూర్యుడి మెరుపులో పదిలక్షలో వంతు కూడా లేని దాన్ని చూడాలంటే చంద్రుడు అడ్డం రావాలి, వస్తే రెండు నిమిషాలుంటాడు. ఎదురుగా లారీ లైటు కళ్లలో పడితే చెయ్యి అడ్డం పెట్టుకుంటాం కదా, ఆ చెయ్యిని ఎప్పటికీ దించకుండా ఉంచడమే ఆదిత్య–ఎల్1 చేస్తున్న పని. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయల్దేరి, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన, భూమీ సూర్యుడూ లాగే లాగుడు సమతూకంలో ఉండే చోటు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. అందులోని ముఖ్యమైన పరికరానికి లోపల సూర్యుడి బింబాన్ని కప్పేసే ఏర్పాటు ఉంది. దాన్ని తయారు చేసింది 1980లో జవళగెరకు వచ్చిన ఆ సంస్థే. అప్పుడు వాళ్లకు దొరికింది రెండు నిమిషాల పైచిలుకు, ఇప్పుడు రోజంతా గ్రహణమే. సరదాకు చేస్తున్నది కాదు. కరోనా నుంచి ఒక్కోసారి కోట్ల టన్నుల వాయువు ఊడి మన మీదికి వస్తుంది. 2024 మేలో వచ్చిన సౌర తుఫానుకు లద్దాఖ్ ఆకాశం ఎర్రబడింది. ఉపగ్రహాలకూ కరెంటు లైన్లకూ అలాంటివి ప్రమాదం.

శ్రీహరికోట గురించి పిల్లలకు అందరూ చెబుతూనే ఉంటారు కనుక ఒక్క మాటతో దాటేస్తాను. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది, కోసిగిలో కూర్చున్న మనిషి కూడా గంటకు 1,610 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతూనే ఉన్నాడు. తూర్పుకు వదిలిన రాకెట్టుకు ఆ వేగం ఉచితం. పడితే పడడానికి ఎదురుగా సముద్రముంది. అక్కడ నుంచే 2023 జులై 14న చంద్రయాన్–3 లేచి, ఆగస్టు 23న చంద్రుడి దక్షిణ ధ్రువం వైపు, 69 డిగ్రీల దగ్గర దిగింది. అంత దూరం దక్షిణానికి ఎందుకు పోయారంటే, మళ్లీ నీడ కోసమే. చంద్రుడి ఇరుసు ఒకటిన్నర డిగ్రీ మాత్రమే ఒరిగి ఉంది. కాబట్టి అక్కడ ధ్రువాల దగ్గర సూర్యుడు ఎప్పుడూ నేల అంచునే ఉంటాడు. లోతైన గుంతల అడుగున వందల కోట్ల ఏళ్లుగా ఎండ పడలేదు. అంత చలిలో నీరు మంచుగా నిలిచి ఉంటుంది. చంద్రుడి నేల మీద నీటి జాడ ఉందని చంద్రయాన్–1 మోసుకుపోయిన పరికరాలు చెప్పాక ఆ నీడ గుంతల విలువ పెరిగింది. మనిషి అక్కడ కాపురం పెడితే తాగేదీ, రాకెట్టుకు ఇంధనంగా విడగొట్టేదీ ఆ నీళ్లే.

ఉపగ్రహాలు ఎక్కడున్నాయో తెలుసుకోవాలంటే ఊళ్లో మిద్దెల మీది డిష్షులు చూడండి. చాలావరకు దక్షిణానికీ తూర్పుకూ మధ్య తిరిగి ఉంటాయి. భూమధ్యరేఖ మీద 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం భూమితో సమంగా రోజుకొక చుట్టు తిరుగుతుంది కనుక అది కదలనట్టే ఉంటుంది. కదిలితే డిష్షును రోజంతా తిప్పుతూ కూర్చోవాలి. మార్చిలోను, సెప్టెంబరు ఆఖర్లోను కొద్ది రోజులు పగలు ఒక వేళకు బొమ్మ చెదురుతుంది. కేబులు వాణ్ణి తిట్టకండి, సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి తన రేడియో రొదతో దాని మాటను ముంచేస్తాడు. ఆ నెలల్లోనే ఆ ఉపగ్రహం ప్రతి అర్ధరాత్రీ భూమి నీడలోకి పోతుంది, ఎక్కువలో ఎక్కువ 70 నిమిషాలు. ఆ సేపు అది బ్యాటరీ మీద బతుకుతుంది.

రాత్రి చూడడానికి మొదలుపెట్టేవాళ్లకు నా సలహా ఉత్తరం నుంచి కాదు, దక్షిణం నుంచి. ఉత్తరాన ధ్రువుడు కోసిగిలో 16 డిగ్రీల ఎత్తునే ఉంటాడు, చెయ్యి చాచి పట్టిన పిడికిలికి ఒకటిన్నర. పెద్ద మెరుపు కూడా కాదు. దక్షిణాన మాత్రం యూరపు వాళ్లకు దొరకని సంపద ఉంది. మే మొదట్లో అర్ధరాత్రి, నెలాఖరుకు పదిన్నర పదకొండుకే, సరిగ్గా దక్షిణాన పిడికిలి పైచిలుకు ఎత్తులో రెండు మెరిసే చుక్కలు పక్కపక్కన కనిపిస్తాయి. ఎడమది ఆల్ఫా సెంటారై. సూర్యుడి తర్వాత మనకు అందరికన్నా దగ్గర నక్షత్ర కుటుంబం అదే. దగ్గరంటే 41 లక్షల కోట్ల కిలోమీటర్లు. చంద్రుడి వెలుగు మనల్ని చేరడానికి సెకనుకు పైచిలుకు, సూర్యుడిది 8 నిమిషాల 20 సెకన్లు, దానిది నాలుగేళ్ల నాలుగు నెలలు. 1977లో బయల్దేరి సెకనుకు 17 కిలోమీటర్లు పోతున్న వాయేజర్–1 అంత దూరం పోవడానికి 70 వేల ఏళ్లు దాటుతుంది. దాని కబురు మనకు రేడియోలో చేరడానికి ఇప్పటికే 23 గంటల పైన పడుతోంది.

కార్తెల పేర్లనే దూరపు మెట్లుగా వాడుకోవచ్చు. స్వాతి వెలుగు 37 ఏళ్లది. రోహిణిది 65 ఏళ్లది, అంటే ఇప్పుడు వృద్ధాప్య పింఛను తీసుకుంటున్నవాళ్లు ఊయలలో ఉన్నప్పుడు బయల్దేరింది. చిత్తది 250 ఏళ్లది. పిల్లలకోడిది 440 ఏళ్లది, తళ్లికోట యుద్ధం ముగిసి ఇరవై ఏళ్లు కాగానే కదిలి దారిలో ఉంది. నవంబరు రాత్రి ఉత్తరపు ఆకాశంలో ఎత్తున, చీకటి బాగా ఉంటే, కంటికి మసక మరకలా కనిపించే ఆండ్రోమెడా గెలాక్సీ వెలుగు 25 లక్షల ఏళ్లది. అయినా ఆదోని చుట్టుపక్కల గుండ్రాళ్ల కొండల ముందు అది నిన్నటిదే. ఆ రాళ్లు దాదాపు 250 కోట్ల ఏళ్లవి.

2027 ఆగస్టు 2న, సోమవారం, మళ్లీ చంద్రుడి నీడ వస్తోంది. నడి నీడ ఈజిప్టు మీదుగా పోతుంది, అక్కడ ఆరు నిమిషాలకు పైగా చీకటి. కోసిగికి పాక్షికమే, సాయంత్రం నాలుగు ప్రాంతం నుంచి. అంటే ఏ దశలోనూ ఉత్త కళ్లతో చూడకూడదు. నల్లద్దాలు, ఎక్స్‌రే ఫిల్ములు, నీళ్లలో ప్రతిబింబం ఏవీ పనికిరావు. గ్రహణం కోసమే తయారైన కళ్లద్దాలుంటే సరే. లేకపోతే అట్టముక్కకు సూదితో బెజ్జం పెట్టి, దానిలోంచి పడే వెలుగును గోడ మీదికి పట్టండి. కొరికిన సూర్యుడి బొమ్మ పడుతుంది. వేపచెట్టు కింద అయితే అట్ట కూడా అక్కర్లేదు, ఆకుల సందుల్లోంచి నేల మీద పడే ప్రతి వెలుగు చుక్కా నెలవంకలా మారుతుంది. పిల్లలు ఇంకా బడి దగ్గరే ఉండే వేళ అది. పంతుళ్లు ఆ రోజు తొందరగా ఇళ్లకు పంపేయకుండా ఆవరణలోకి తీసుకొస్తే బాగుంటుంది, ఒక్కొక్కరికీ ఒక అట్టముక్క ఇచ్చి.